ఖాళీ బండికి బరువు

మా వీధిలోంచి పొద్దున్నే ధాన్యం బళ్ళు గోదావరి రేవుకు వెళతాయి. ఇరుసులు మూలుగుతూ, చక్రాలు నేలను నొక్కుకుంటూ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నడిచినట్టు నిదానంగా వెళతాయి. సాయంత్రం బస్తాలు దింపేసి తిరిగొచ్చేటప్పుడు ఆ బళ్ళే గిలక్కాయల్లా మోగుతాయి. ఆ మోత చెవిన పడగానే నేను చేతిలో పని వదిలేసి లేస్తాను. బాబు దగ్గరికి వెళ్ళి, తొడ మొదట్లో గజ్జ దగ్గర తడిమి చూస్తాను. మెత్తగానే ఉంటుంది. అయినా చూస్తాను. వాడు నిద్రపోయాక దీపం దగ్గర పెట్టుకుని ఇది రాయడానికి కూర్చున్నాను. ఇంకా ఒక పేజీ నిండలేదు, అప్పుడే లేచి వెళ్ళి చూసి వచ్చాను.

పోయిన వేసవిలో నేనూ బాబూ మా అత్తగారి ఊళ్ళో ఉన్నాం. రామచంద్రపురానికి దగ్గర్లో, కాలవ గట్టును ఆనుకుని ఉండే ఊరు అది. మావారిది కాలవల డిపార్టుమెంటులో ఉద్యోగం. ఏటా వేసవిలో కాలవలు కట్టేసి మరమ్మతులు చేస్తారు కనక ఆ రోజుల్లో ఆయన ఏ గట్టు మీద ఉంటారో, ఏ లాకు దగ్గర ఉంటారో ఆయనకే తెలియదు. మామగారు పోయి చాలా ఏళ్ళయింది. పొలాలు, పాలేళ్ళు, పశువులు, అన్నీ అత్తగారి చేతి మీదుగానే నడుస్తాయి. నేను చెన్నపట్నం కాలేజీలో ఎఫ్.ఏ. దాకా చదివినదాన్ని. ఆ చదువుకు అత్తవారింట్లో రెండే ఉపయోగాలు. ఊళ్ళో ఎవరికి ఉత్తరం వచ్చినా చదివి పెట్టడం ఒకటి. ఏం తెలియకపోయినా "అంత చదువుకున్నావు, ఇది తెలీదా?" అనిపించుకోవడం రెండోది.

బాబుకు అప్పటికి మెడ కూడా సరిగ్గా నిలబడలేదు. నెల తక్కువ పుట్టాడు. ఒకనాడు నీళ్ళు పోస్తూ ఉండగా గుక్కపట్టి ఏడ్చాడు. కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు పైకి వచ్చింది. నేను కేక పెట్టాను. అత్తగారు వాణ్ణి భుజాన వేసుకుని ఊరుకోబెట్టారు. ఏడుపు ఆగిన కాసేపటికి ఆ ఉబ్బు దానంతటదే లోపలికి పోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. అత్తగారు రాగి బిళ్ళను గుడ్డలో చుట్టి అక్కడ పెట్టి కట్టు కట్టారు. వాడు కాళ్ళు కొట్టుకుంటే ఆ కట్టు మోకాలి దగ్గరికి జారిపోయేది.

రామచంద్రపురం ఆసుపత్రికి తీసుకెళితే అక్కడి అసిస్టెంటు డాక్టరు చూశాడు. "పేగు జారుతోందమ్మా. లోపలికి పోతున్నన్నాళ్ళు భయం లేదు. పోకుండా గట్టిపడిపోయిన రోజున మాత్రం నా చేతిలో ఏమీ ఉండదు. రాజమండ్రి పెద్దాసుపత్రిలో దొరగారికి చూపించండి. ఈలోగా పిల్లాణ్ణి ఏడవనివ్వకండి" అన్నాడు.

ఏడవనివ్వకండి. పసివాణ్ణి ఏడవనివ్వకుండా ఉండడం ఎలాగో ఆయన చెప్పలేదు. ఆ రోజు నుంచి వాడు పెదవి విరిచినా పరిగెత్తుకెళ్ళి ఎత్తుకునేదాన్ని. వాడు మేలుకుంటే ఏడుస్తాడేమో అని, పడుకుంటే లేచి ఏడుస్తాడేమో అని, ఒక్కచోట కూర్చోలేకపోయేదాన్ని.

ఒక గురువారం సాయంత్రం ఉబ్బు వచ్చి చాలాసేపటి దాకా లోపలికి పోలేదు. పోయాక నేను కళ్ళు తుడుచుకుని, "అత్తయ్యగారూ, రేపు నేను రాజమండ్రి వెళతానండీ" అన్నాను.

"వెళ్ళి? అంత పసివాడికి కత్తి పెట్టిస్తావా?"

"కత్తో, మందో, వాళ్ళు చెబుతారు కదండీ."

ఆవిడ లేచి దొడ్డిలోకి వెళ్ళి పాలేరును కేకేసి, తెల్లారేసరికి బండి కట్టమన్నారు.

కాలవలో నీళ్ళుంటే చింతే లేదు. పడవలో పడుకోబెడితే వాడికి ఊరు దాటిన సంగతి కూడా తెలిసేది కాదు. కానీ కాలవ ఎండిపోయి, అడుగున బురద కూడా బీటలు తీసి ఉంది. ఇక మిగిలిన దారి ద్వారపూడి స్టేషను దాకా బండి మీద వెళ్ళి సాయంత్రం రైలెక్కడం. ఇంట్లో వాళ్ళు తిరిగే చిన్న బండికి ఎండలకు చక్రం ఆకులు వదులైపోయి అది వడ్రంగి ఇంటి ముందు పడి ఉంది. ఉన్నదల్లా ధాన్యం తోలే పెద్ద బండి. పాలేరు దాని మీద తడికె వంచి గూడు కట్టాడు. చక్రాలు కిర్రుమనకుండా కందెన వేశాడు. అతను మామగారి కాలం నుంచీ ఉన్న మనిషి. ఆ ఎడ్లను దూడలప్పటి నుంచి పెంచింది తనే కనక వాటి గురించి ఎవరు ఏమన్నా సహించడు.

శుక్రవారం పొద్దున బండి వాకిట్లోకి వచ్చింది. అత్తగారు వాకిట్లోకి రాలేదు. పసుపుకుంకాలు లేని మనిషి ప్రయాణానికి ఎదురు రాకూడదని ఆవిడ ఎప్పుడూ పడమటింట్లోనే కూర్చుంటారు. మావారు ఉద్యోగానికి మొదటిసారి వెళ్ళినప్పుడూ అంతేనట. అక్కడ తలుపు చాటు నుంచే పని చెబుతారు.

"గడ్డి పరిచావా?"

"ఆయ్, మోకాల్లోతు పరిచానండి పెద్దమ్మగారూ. దాని మీద పరుపు, దాని మీద బొంత. కానీ ఒక మాటండి. ఖాళీ బండి ఎగురుద్దండి. నాలుగు బస్తాలేసుకుంటే కుదురుగా కూకుంటాది. స్టేషను కాడ తెలిసిన కొట్లో పెట్టి, వచ్చేటప్పుడు ఏసుకొచ్చేస్తాను."

"శుక్రవారం పూట ధాన్యాన్ని గడప దాటిస్తావా?"

నేను తలుపు దగ్గరికి వెళ్ళాను. "మళ్ళీ తిరిగొస్తాయి కదండీ ఆ బస్తాలు."

"వెళ్ళిన లక్ష్మి తిరిగొస్తుందని నీకెవరు చెప్పారు? కాలేజీలో చెప్పారా?" అన్నారు ఆవిడ. తర్వాత గొంతు తగ్గించి, "పిల్లాడు రోగంతో ఇంట్లోంచి వెళుతున్నాడు. వాడి వెనకే ధాన్యం కూడా పంపమంటావా అమ్మాయ్? నా వల్ల కాదు" అన్నారు.

ఎండెక్కకముందే బయలుదేరాలి. బాబును ఒళ్ళో పెట్టుకుని బండెక్కాను.

బండి ఊళ్ళో ఉన్నంతసేపూ బాగానే ఉంది. మెత్తటి దుమ్ము మీద చక్రాలు చప్పుడు లేకుండా దొర్లాయి. గట్టు ఎక్కాక తెలిసింది. వానాకాలంలో బురదలో బళ్ళు నడిచి పడ్డ గాడులు ఎండకు రాయిలా గట్టిపడిపోయాయి. చక్రం ఒక గాడిలోంచి ఇంకో గాడిలోకి దూకినప్పుడల్లా బండి మొత్తం లేచి ఇరుసు మీద దబ్బున పడుతుంది. నా పళ్ళు టకటక కొట్టుకున్నాయి. పైగా ఎడ్లు పరుగు అందుకున్నాయి.

"కాస్త నెమ్మదిగా తోలు."

"నేను తోలట్లేదండి చిన్నమ్మగారూ! అయ్యే ఎలతన్నాయి. బండి తేలిగ్గా ఉంటే ఇంటికెళ్ళే బండి అనుకుంటాయండి. బరువుంటేనే నడుత్తాయి. పుట్టిన కాడి నుంచీ అదే అలవాటు."

"పగ్గం బిగించి పట్టుకో మరి."

"పట్టుకున్నానండి. ముక్కులు నెత్తురు కారతాయి, అంతకంటే లాగితే."

మోకాల్లోతు గడ్డి మైలు దూరం పోకముందే అణిగి బండి పక్కలకు జరిగిపోయింది. పరుపు కింద కర్రలు తగలడం మొదలుపెట్టాయి. గడ్డి నలిగి లేచిన నుసికి బాబు తుమ్మాడు. తుమ్మి, ఉలిక్కిపడి, ఏడుపు లంకించుకున్నాడు.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. బండి ఎంత ఎగిరినా పైనుంచి వేలాడే వస్తువు దాని మానాన అది ఉంటుంది కదా అనుకున్నాను. బండి ఆపించి, పాత చీర తీసి గూడు బద్దలకు ఉయ్యాల కట్టి అందులో వాణ్ణి పడుకోబెట్టాను. ఇంట్లో ఉయ్యాల మనం ఊపితే ఊగుతుంది. ఇక్కడ దాన్ని బండి ఊపింది. నాలుగు గాడులు దాటేసరికి ఉయ్యాల అటూ ఇటూ విసురుగా వెళ్ళి తడికెకు కొట్టుకోబోయింది. నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను. నా మోచెయ్యి చీరుకుపోయింది. వాడు తాగిన పాలు కక్కుకుని, ముఖం కందగడ్డలా చేసుకుని, గుక్క తిప్పుకోకుండా ఏడ్చాడు.

గుడ్డ తీసి చూశాను. ఉబ్బు బయటికి వచ్చేసి ఉంది. ఎప్పుడూ లేనంత పెద్దదిగా, గట్టిగా ఉంది.

"ఆపు! బండి ఆపు!"

గట్టు మీద ఒక తాడిచెట్టు నీడ సన్నగా గీత గీసినట్టు పడి ఉంది. ఆ నీడలో కూర్చుని పాలిచ్చాను. తాగడు. భుజాన వేసుకుని తట్టాను. వినడు. వెనక్కి చూస్తే మా ఇంటి కప్పు ఇంకా కనిపిస్తూనే ఉంది. ఎంతో దూరం వచ్చామనుకున్నాను కానీ ఊరు దాటి మైలున్నర కూడా రాలేదు. ముందుకు వెళితే ఈ గాడులే. వెనక్కి వెళితే రైలు పోతుంది. ఈ రాత్రి ఇది లోపలికి పోకపోతే ఇంట్లో ఉండి ఏం చేస్తాను?

పాలేరు ఊరికే కూర్చోలేదు. ఎడ్ల దాణా తెచ్చుకున్న గోనెలు ఖాళీ చేసి, కాలవలోకి దిగి ఎండిన మట్టి పెళ్ళలు నింపుకొచ్చాడు. ముందు వైపు పరుపు ఉంది కనక వాటిని బండి వెనక వేశాడు. వేసీ వెయ్యగానే బండి తోక కిందికి దిగి ముందున్న కాడి పైకి లేచింది. మెడతాళ్ళు గొంతుకు బిగిసి ఎడ్లు తలలెత్తి గుడ్లు తేలేశాయి.

"అయ్యబాబోయ్!" అని అతను పరిగెత్తుకెళ్ళి ఆ బస్తాలు కిందికి తోసేశాడు. ఒక గోనె పిగిలి మట్టి కుప్పగా పడింది. అతను ఎడ్ల మెడలు నిమురుతూ వాటికి క్షమాపణ చెప్పుకుంటున్నాడు. నేను బాబును ఎత్తుకుని గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాను.

అప్పుడు చూశాను. ఎండిన చేల మీదుగా, కోత కోసిన వరి కొయ్యకాళ్ళు తొక్కుకుంటూ, తాటాకు గొడుగు వేసుకుని ఎవరో వస్తున్నారు. తెల్లచీర. మా అత్తగారిది భారీ విగ్రహం. మోకాళ్ళు పట్టేసి ఇంట్లో గది నుంచి గదికి వెళ్ళాలన్నా గోడ పట్టుకుంటారు. మామగారు పోయాక ఊరి పొలిమేర దాటలేదని అందరూ చెబుతారు. ఆవిడ అలా చెమటలు కక్కుతూ నడిచి వస్తుంటే నాకు భయం వేసింది, ఇంటి దగ్గర ఏం జరిగిందో అని.

గట్టు కిందికి వచ్చి ఆగారు. బండికి ముందు వైపు నుంచి రావడం దగ్గర దారి. అలా రాకుండా చుట్టూ తిరిగి వెనక వైపుకు వచ్చారు. పాలేరు చెయ్యిచ్చి పైకి లాగాడు.

"దొడ్లోంచి చూస్తూనే ఉన్నాను. ఎంతసేపటికీ బండి కదలదేం?" అన్నారు రొప్పుతూ. "ముందు వాణ్ణిలా ఇవ్వు."

వాణ్ణి తీసుకుని, గొడుగు నీడలో కాళ్ళు చాపుకుని కూర్చుని, తొడల మధ్య పల్లంలో పడుకోబెట్టారు. వాడి కాళ్ళు రెండూ పొట్ట వైపు మడిచి పట్టుకుని, బొటనవేలితో, నూనె రాసినంత మెత్తగా ఆ ఉబ్బు చుట్టూ నిమురుతూ కూర్చున్నారు. పాట లేదు, మాట లేదు. వాడి ఏడుపు ఎక్కిళ్ళయింది. ఎక్కిళ్ళు నిట్టూర్పులయ్యాయి. చాలాసేపటికి గుడగుడమని చిన్న చప్పుడైంది. ఉబ్బు పోయింది.

నేను వంగి తడిమి చూశాను, మెత్తగా ఉంది.

"ఇంక ఇంటికి పోదామాండి?" అన్నాడు పాలేరు.

"ఎందుకు? అది మళ్ళీ రాదా?" అని నా వైపు తిరిగారు అత్తగారు. "నేను కత్తికి ఒప్పుకోలేదు. ఇప్పుడూ ఒప్పుకోను. కానీ ఇందాక అది పట్టుకుంటే నా వేలికి తగిలిన గట్టితనం నాకు నచ్చలేదు. పదండి."

"బండి ఇలాగే ఎగురుతుంది అత్తయ్యగారూ. వాడు మళ్ళీ ఏడుస్తాడు."

"బరువు కావాలన్నాడుగా వీడు. ధాన్యం పంపనన్నాను. నా దగ్గర ఇంకో బరువుంది, ఇన్నాళ్ళూ ఊరికే మోస్తున్నాను." ఆవిడ లేచి నిలబడ్డారు. "ఒరేయ్, ముక్కాలిపీటలా అలా నిలబడకపోతే ఇలా వచ్చి నా చెయ్యి పట్టుకో."

నా నోట్లోంచి మాట వచ్చేసింది. "మీరు ప్రయాణానికి ఎదురు రారు కదండీ!"

"ఎదురు ఎక్కడ వచ్చానే? వెనక నుంచి ఎక్కుతున్నాను."

ఆవిడ వెనక నుంచి బండి మీద మోకాలు ఆనించేసరికి ఇందాకటి మట్టి బస్తాల పనే అయింది. తోక దిగింది, కాడి లేచింది. పాలేరు ఒక్క గంతులో ముందుకు ఉరికి కాడికి వేలాడుతూ, "ముందుకు జరగండమ్మగారూ! ముందుకు! ఎడ్లు చచ్చిపోతన్నాయి!" అని అరిచాడు.

"జరుగుతున్నానుండరా! నేనేమన్నా కుందేలునా?"

పాకుతూ పాకుతూ ఇరుసుకు సరిగ్గా మీదికి వచ్చి కూర్చున్నారు. బండి కిర్రుమని ఒకసారి మూలిగి, కుదురుకుంది. కాడి ఎడ్ల మెడల మీద సరిగ్గా వాలింది. నేను బాబును అందించి ఎక్కాను. పాలేరు అదిలించాడు. ఎడ్లు రెండడుగులు వేసి, బరువు తెలిసి, తలలు దించుకుని నడవడం మొదలుపెట్టాయి. పరుగు మాటే మరిచిపోయాయి.

కుదుపులు పూర్తిగా పోయాయని చెప్పను. గాడులు గాడులే. కానీ బండి ఇప్పుడు ఎగరడం లేదు. గాడిలోకి దిగుతోంది, లేస్తోంది. దబ్బున పడే దెబ్బ పోయి, నెడుతున్నట్టు ఒక ఊపు మాత్రం మిగిలింది. ఆ ఊపు కూడా అత్తగారి ఒళ్ళు దాటి బాబు దాకా వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. ఆవిడ ఒడిలో వాడు నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

మట్టి బస్తాకు లేని గుణం ఇంకొకటి ఈ బరువుకు ఉంది. గట్టు దిగేచోట పాలేరు "వెనక్కండీ" అనేవాడు. ఆవిడ వెనక్కి వాలేవారు. కల్వర్టు ఎక్కేచోట "ముందుకండీ" అనేవాడు. ఆవిడ పిర్రల మీద ముందుకు జరిగేవారు. బాబు కదిలేవాడు కాదు. కాసేపటికి అతను చెప్పకముందే ఆవిడ దారి చూసి జరగడం మొదలుపెట్టారు.

"బాగా అలవాటైపోయిందండి పెద్దమ్మగారికి."

"నోరు మూసుకుని దారి చూసుకో. నేను స్టేషను దాకానే. బరువుకి వచ్చాను, ఆసుపత్రికి కాదు."

నాకు మాత్రం ఒక భయం పోయి ఇంకొకటి పట్టుకుంది. బరువైన బండి నిదానంగా నడుస్తుంది. రైలు నిదానంగా రాదు. తాడిచెట్ల నీడలు తూర్పుకు తిరిగి పొడవవుతున్నాయి. "ఇంకెంత దూరం?" అని అడిగాను. "ఎంతో లేదండి." కాసేపాగి మళ్ళీ అడిగాను. "ఎంతో లేదండి." ఒడి ఖాళీగా ఉండడం నాకు అలవాటు పోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బొంత అంచు దారాలు పీకుతూ కూర్చున్నాను.

స్టేషను కనపడేసరికి సిగ్నలు చెయ్యి దించి ఉంది. అవతల చెట్ల మీద పొగ.

"పరిగెత్తించు!" అన్నాను.

"వద్దు!" అన్నారు అత్తగారు.

"రైలు వెళ్ళిపోతుందండీ! మళ్ళీ రేపటిదాకా లేదు!"

"పరిగెత్తిస్తే లేస్తాడు. లేస్తే ఏడుస్తాడు. ఇందాకటిలా ఈసారి లోపలికి పోతుందని నువ్వు రాసిస్తావా?"

పాలేరు చర్నాకోల ఎత్తి, ఎవరి మాట వినాలో తెలియక, దాన్ని అలాగే గాలిలో పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ చెప్పింది నిజం. నేను చెప్పిందీ నిజమే. నేను బండి మీంచి దూకేశాను. చెప్పులు బండిలోనే ఉండిపోయాయి. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని చేలకు అడ్డంపడి పరిగెత్తాను. అత్తవారి ఊరివాళ్ళు ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారో అన్న ఊహ ఆ తర్వాత రైల్లో కూర్చున్నాక వచ్చింది.

రైలు ఆగి ఉంది. గార్డు ఎర్రటి ముఖం దొర. ఈల నోట్లో పెట్టుకుని పచ్చజెండా విప్పుతున్నాడు. నేను వెళ్ళి అతని ముందు నిలబడి, రొప్పుతూ, ఇంగ్లీషులో అడిగాను. పసివాడికి పేగు జారిందని, కుదుపు తగిలితే ప్రాణాపాయమని, అందుకే అదిగో ఆ బండి నడిచి వస్తోందని, అది వచ్చేదాకా దయచేసి ఆగమని. కాలేజీ విడిచాక అన్ని ఇంగ్లీషు మాటలు ఒక్కసారి మాట్లాడింది అప్పుడే. కాళ్ళకు చెప్పుల్లేని, జుట్టు రేగిన ఆడమనిషి నోట ఆ భాష వినేసరికి అతను ఈల నోట్లోంచి తీసేశాడు. బండి వైపు చూశాడు.

బండి వస్తోంది. పెళ్ళి ఊరేగింపులా వస్తోంది. రైలంతా కిటికీల్లోంచి తలలు పెట్టి చూస్తుంటే ఎడ్లు ఒక్కొక్క అడుగే వేస్తూ వస్తున్నాయి. గూడులో అత్తగారు దారి మీంచి చూపు తిప్పకుండా, పట్టాల పక్క మిట్ట ఎక్కేచోట ఎవరూ చెప్పకుండానే ముందుకు జరిగారు. గార్డు జేబులోంచి గడియారం తీశాడు. నా వైపు చూసి, టైము చూడకుండానే మళ్ళీ పెట్టేసుకున్నాడు.

ఆవిడ దిగారు. బాబు ఆవిడ భుజం మీద నిద్రపోతున్నాడు. నేను చేతులు చాపాను.

"ఇప్పుడు చేతులు మారిస్తే లేస్తాడు. నువ్వు ముందెక్కు, లోపల ఇస్తాను."

నేను ఎక్కాను. వెనకే ఆవిడను పాలేరూ, ఒక పోర్టరూ కలిసి ఎక్కించారు. లోపల ఆవిడ బల్ల మీద కూర్చుని, వాణ్ణి ఒళ్ళోకి దించుకుని, నా వైపు చెయ్యి కూడా చాపలేదు. గార్డు ఈల వేశాడు.

పాలేరు కిటికీ దగ్గరికి వచ్చాడు. "పెద్దమ్మగారూ! దిగండి! దిగరాండి? బండి ఖాళీగా తోలుకెళ్ళిపోనా మరి?"

"తోలుకెళ్ళు" అన్నారు ఆవిడ. "పరిగెత్తనీ. ఇవాళ వాటికి మాత్రం తక్కువ విసుగొచ్చిందా!"

రైలు కదులుతుంటే, ఖాళీ బండి గడగడలాడుతూ గట్టు మీద పరుగు తియ్యడం వినిపించింది. ఆ చప్పుడుకు నేను ఉలిక్కిపడి బాబును చూశాను. వాడు పడుకునే ఉన్నాడు.

పెద్దాసుపత్రి దొరగారు వాణ్ణి అటూ ఇటూ తిప్పి చూశారు. ఇంత పసివాడికి ఇప్పుడే కత్తి అక్కర్లేదన్నారు. ఉన్ని దారం చుట్టను మొల చుట్టూ తిప్పి, గజ్జ దగ్గర ముడి వచ్చేలా పట్టీ కట్టడం నర్సు చేత చూపించారు. చాలామంది పిల్లలకు ఎదిగేకొద్దీ అదే మూసుకుపోతుందట, కొందరికి పోదట. మా వాడు ఏ రకమో ఇంకో ఏడాది గడిస్తే కానీ చెప్పలేమన్నారు. ఈలోగా గట్టిపడితే ఆ క్షణాన తీసుకురావాలి. నేను అన్నీ తెలుగులో చెబుతుంటే అత్తగారు మొదట, "నేను గుడ్డ కట్టలేదూ? ఉన్ని అయితే జారదన్నమాట" అన్నారు. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడగమన్నారు.

"తిరిగి వెళ్ళేటప్పుడు బండెక్కచ్చా అని అడుగు."

వీలైతే వద్దన్నారు దొరగారు. "అయితే కాలవలు వదిలేదాకా ఇక్కడే ఉంటాం" అన్నారు ఆవిడ, అదేదో ఎప్పుడో అనుకున్న సంగతి అయినట్టు. మావారు కబురంది వచ్చి, తల్లి రాజమండ్రిలో అద్దె ఇంటి అరుగు మీద కూర్చుని ఉండడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆయన్ను ఆవిడ బాగున్నావా అని కూడా అడగలేదు. "మీ మరమ్మతులు ఎప్పటికి అవుతాయిరా? నీళ్ళు ఎప్పుడొదులుతారు?" అని అడిగారు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం అదే అడిగారు.

గోదావరి ఎర్రబడ్డాక కాలవలు వదిలారు. ధవళేశ్వరంలో పడవెక్కాం. కొత్త నీళ్ళు, మట్టి వాసన. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే చెట్లు వెనక్కి వెళుతున్నాయే తప్ప పడవ కదులుతున్నట్టు లేదు. అంత మెత్తని ప్రయాణంలో నాకు మాత్రం కుదురు లేదు. ఎప్పుడు ఏ కుదుపు వస్తుందో అని ఒళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. చూపు వాడి పట్టీ మీదే.

కాలవ మట్టం పల్లానికి దిగేచోట, లాకు గోడల మధ్యకు పడవను తీసుకుని తలుపులు వేశారు. నీళ్ళు దిగుతున్నాయి. పక్క గోడలు తడితడిగా పైకి లేస్తున్నాయి. పడవ గోడకు ఒకసారి మెల్లగా ఒరుసుకుని కాస్త ఊగింది. అత్తగారు బాబును పొదువుకుని, ఎవరూ చెప్పకుండానే, పిర్రల మీద వెనక్కి జరిగారు.

పడవ నడిపే సరంగు నవ్వాడు. "అక్కర్లేదండి అమ్మగారూ. ఇది బండి కాదు, దాని మానాన అదే దిగుద్ది."

"నీకు తెలీదు, ఊరుకో" అన్నారు ఆవిడ. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వూ జరుగు" అన్నారు.

నేనూ జరిగాను.